స్టూడియో తీసేసి మళ్లీ వేస్తే ఏం కాదు తమ్మీ

మా నల్లగొండలో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఏ కారణంతో మొరాయించినా అందరూ చెప్పే మందు ఒకటే: తీసేసి మళ్లీ వెయ్. గ్రేడిల్ సింక్ (యాప్‌ను కట్టిపెట్టే గ్రేడిల్ అనే పనిముట్టు ప్రాజెక్టుకు కావాల్సిన సామాను సర్దుకోవడం) మధ్యలో ఆగినా అదే, ఎమ్యులేటర్ (లాప్‌టాప్ తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్) నల్లగా మారి కూర్చున్నా అదే, కేబుల్ పెట్టిన ఫోన్ కనబడకపోయినా అదే. దానికీ లొంగకపోతే రెండో మందు: "లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టియ్ తమ్మీ." సీనియర్లు చెప్తారు, ల్యాబ్‌లో సార్లు చెప్తారు, యూట్యూబ్ వీడియోలు చెప్తాయి. కంప్యూటర్ షాపు అతను సరేసరి, ఆయనకది బేరం.

ఈ సలహా అంటే నాకు కోపం. నేను ఇక్కడే ఉండి చిన్నాచితకా యాప్‌లు చేసిస్తుంటాను. ప్రాజెక్టుల సీజన్ వచ్చిందంటే మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వైపు పిల్లలు, పాలమూరు నుంచి మా చుట్టాల పిల్లలు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, మస్తుసార్లు ఇన్‌స్టాల్ చేసిన, అయినా అయితలేదు. నాకు కోడింగ్ రాదేమో అన్నా." ఆ చివరి మాటకే నాకు మంట. ఆ పిల్ల అప్పటికి ఒక్క లైను కోడ్ కూడా రాయలేదు. కోడింగ్ దాకా రానేలేదు, ఇక వచ్చిందో రాలేదో ఎట్లా తెలుస్తుంది? చెడిపోయింది పరిసరం. ఆ నింద మాత్రం మనిషి తన తెలివి మీద వేసుకుంటున్నాడు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎందుకు పనిచేయదో తెలియాలంటే ఏ సామాను ఎక్కడ ఉంటుందో తెలియాలి. విండోస్ లాప్‌టాప్ సంగతే చూద్దాం. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండేది స్టూడియో ఒక్కటే, అంటే మనం కోడ్ రాసుకునే ఎడిటర్. ఎస్‌డీకే, అంటే యాప్ కట్టడానికి గూగుల్ ఇచ్చే పనిముట్ల మూట, వేరేచోట, మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, లోకల్, ఆండ్రాయిడ్ అనే దారిలో ఉంటుంది. గ్రేడిల్ తెచ్చుకున్న లైబ్రరీలు (వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్), గ్రేడిల్ సొంత జిప్ ఫైళ్లు అదే యూజర్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే గ్రేడిల్ ఫోల్డర్‌లో ఉంటాయి. వర్చువల్ ఫోన్లు, టెస్టింగ్ యాప్‌కు సంతకం చేసే డీబగ్ కీ చుక్క పెట్టిన ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రాజెక్టు లోపల మళ్లీ ఇంకో చుక్క గ్రేడిల్, బిల్డ్ అనే ఫోల్డర్. వీటన్నిటి అడుగున విండోస్ సెట్టింగులు, ఇంకా అడుగున బయోస్, అంటే మిషన్ ఆన్ కాగానే నడిచే మొదటి సాఫ్ట్‌వేర్.

కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే పోయేది ప్రధానంగా ఆ మొదటిది. చుక్క గ్రేడిల్ ఫోల్డర్ జోలికి అది పోదు. బయోస్ జోలికి అసలే పోదు. తొంభై శాతం తప్పులు ఉండేదేమో మిగిలిన చోట్లలో (ఈ తొంభై ఎక్కడా లెక్కేసింది కాదు, నా అంచనా). కాబట్టి కొత్త స్టూడియో వచ్చి పాత తప్పు మీదనే కూర్చుంటుంది. బోరులో నీళ్లు లేకపోతే మోటారు మార్చినట్టు.

"కానీ అన్నా, నాకు ఒకసారి పనిచేసింది కదా" అంటారు. నిజమే, పనిచేస్తుంది, కారణం వేరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లాప్‌టాప్ రీస్టార్ట్ చేస్తారు. వెనకాల దాక్కుని ర్యామ్ తింటున్న గ్రేడిల్ డీమన్ చచ్చిపోతుంది. ఆ డీమన్ ఏ పనీ లేకపోయినా మూడు గంటలపాటు అట్లాగే కూర్చుంటుంది. లేదా పొద్దున్న చేసిన పని రాత్రి పదకొండుకు మళ్లీ చేస్తారు, అప్పటికి నెట్ బాగుంటుంది. లేదా కొత్త స్టూడియోతో పాటు కొత్త జావా (గ్రేడిల్ నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) వస్తుంది. పేరు మాత్రం రీఇన్‌స్టాల్‌కు వస్తుంది. డీమన్‌ను చంపడానికి స్టూడియో తీసేయాల్సిన పని లేదు. కింద టెర్మినల్‌లో చుక్క, బ్యాక్‌స్లాష్, గ్రేడిల్‌డబ్ల్యూ అని కొట్టి, ఒక స్పేస్, రెండు హైఫన్లు, స్టాప్ అని రాస్తే చాలు.

మన వైపు మొదట వచ్చే తిప్పలు డౌన్‌లోడ్‌వే. కొత్త ప్రాజెక్టు తెరిచిన మొదటిరోజు గ్రేడిల్ తన జిప్ తెచ్చుకోవాలి, గూగుల్ మావెన్, మావెన్ సెంట్రల్ అనే నెట్ గోదాముల నుంచి లైబ్రరీలు తెచ్చుకోవాలి, ఎస్‌డీకే ముక్కలు, ఎమ్యులేటర్ ఇమేజ్ తెచ్చుకోవాలి. అన్నీ కలిస్తే జీబీల లెక్క. మన పిల్లల చేతిలో ఉండేదేమో ఫోన్ హాట్‌స్పాట్, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్. సగంలో డేటా అయిపోతుంది, సిగ్నల్ పోతుంది. జిప్ సగమే దిగుతుంది. మరునాడు తెరిస్తే "జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్" అంటుంది. దానర్థం స్టూడియో చెడిపోయిందని కాదు, జిప్ తోక లేదని. చుక్క గ్రేడిల్ ఫోల్డర్ లోపల రాపర్, దాని లోపల డిస్ట్స్. అందులో ఆ వెర్షన్ పేరున్న ఫోల్డర్ ఒక్కటి తీసేసి మళ్లీ సింక్ నొక్కండి. మొత్తం తీసేస్తే మొత్తం మళ్లీ దింపాలి, ఆ రోజు ప్యాక్ కూడా పాయె.

ప్రాజెక్టులో గ్రేడిల్ రాపర్ ప్రాపర్టీస్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. ఎవరూ తెరవరు, తెరవండి. అందులో నెట్‌వర్క్ టైమవుట్ అనే లైను ఉంటే దాని దగ్గర 10000 అని ఉంటుంది, అది మిల్లీసెకన్లలో, అంటే పది సెకన్లు. దాన్ని 60000 చేయండి. డిస్ట్రిబ్యూషన్ చిరునామాలో ఆల్ అని ఉంటే బిన్ అని మార్చండి. సోర్సులు, డాక్యుమెంట్లు లేని జిప్ వస్తుంది, సైజు తగ్గుతుంది, మీ పనికేమీ నష్టం లేదు. అదీ కుదరకపోతే ఆ జిప్‌ను బ్రౌజర్‌లోనో డౌన్‌లోడ్ మేనేజర్‌లోనో దింపుకొని, అదే చిరునామా చోట మీ డిస్కులోని జిప్ దారి ఇవ్వొచ్చు.

అంతకంటే మంచి ఉపాయం ఒకటుంది, మన హాస్టళ్లలో ఎవరూ వాడరు. గ్రేడిల్ దింపుకున్న లైబ్రరీల నిల్వను ఒక లాప్‌టాప్ నుంచి ఇంకో లాప్‌టాప్‌కు మోసుకుపోవచ్చు. గ్రేడిల్ 6.1 నుంచి ఆ నిల్వ ఏ మిషన్‌లో పెట్టినా పనిచేసేట్టు చేశారు. చుక్క గ్రేడిల్, క్యాషెస్, మాడ్యూల్స్-2 అనే ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. చివర లాక్ అని ఉండే ఫైళ్లను, జీసీ ప్రాపర్టీస్ అనే ఫైల్‌ను వదిలేయాలి. రూములో ఒకరు మంచి నెట్ దగ్గర కూర్చొని దింపితే మిగతావాళ్లు కాపీ చేసుకోవచ్చు, అందరూ అవే వెర్షన్లు వాడితే. ఒకసారి అన్నీ దిగాక గ్రేడిల్ కిటికీలో ఆఫ్‌లైన్ మోడ్ బటన్ నొక్కి పెట్టుకుంటే నెట్ లేకుండానే బిల్డ్ అవుతుంది. సినిమాలు పెన్‌డ్రైవ్‌లో పంచుకోవడం వచ్చినోళ్లకు ఇది పెద్ద పనా?

కాలేజీ ల్యాబుల్లో ఇంకో రకం తంటా. "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్" అని వస్తుంది. చూడగానే భయమేస్తుంది గానీ విషయం చిన్నది: అవతలి సర్వర్ తన గుర్తింపుగా చూపించిన సర్టిఫికెట్‌ను జావా నమ్మలేదు. కాలేజీ నెట్‌వర్క్ మధ్యలో కూర్చొని అన్ని సైట్లనూ తన సొంత సర్టిఫికెట్‌తో వడపోస్తుంటే ఇట్లా అవుతుంది. బ్రౌజర్‌లో అన్నీ బాగానే తెరుచుకుంటాయి. ఎందుకంటే ఆ సర్టిఫికెట్‌ను విండోస్‌కు చెప్పి పెట్టారు, జావాకు చెప్పలేదు. ఒక్కసారి ఫోన్ హాట్‌స్పాట్‌కు మార్చి చూడండి. సింక్ అయిందంటే దోషి దొరికినట్టే. దాని పక్కనే ఉండే ఇంకో దోషి గడియారం. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది చిన్న బటన్ సెల్ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తారీఖు ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తారీఖు ప్రకారం ప్రతి సర్టిఫికెట్టూ ఇంకా పుట్టనేలేదు, కాబట్టి ఏ డౌన్‌లోడూ నడవదు. తారీఖు సరిచేస్తే పోయే దానికి సిస్టమ్ ఫార్మాట్ కొట్టించిన ల్యాబును నేను చూశాను.

కొన్ని ల్యాబుల్లో రీస్టార్ట్ చేయగానే మిషన్ పాత స్థితికి పోయే సాఫ్ట్‌వేర్ వేసి ఉంచుతారు. వైరస్‌ల భయం, అర్థం చేసుకోవచ్చు. కానీ దాంతో సి డ్రైవ్‌లోని చుక్క గ్రేడిల్ ఫోల్డర్ రోజూ మాయమవుతుంది, రోజూ మొదటిరోజే. గ్రేడిల్ యూజర్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (గ్రేడిల్ తన సామాను ఎక్కడ పెట్టాలో చెప్పే విండోస్ సెట్టింగు) ఆ సాఫ్ట్‌వేర్ ముట్టని డ్రైవ్‌కు చూపిస్తే ఆ గోస తప్పుతుంది.

ఇక ఎమ్యులేటర్. ఇక్కడ నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది: ఎనిమిది జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఉన్న విద్యార్థికి ఎమ్యులేటర్ వద్దే వద్దు. గూగుల్ చెప్పే కనీస లెక్క ప్రకారమే స్టూడియో ఒక్కదానికి 8 జీబీ, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ కావాలి. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఉంటే ఆ ఎనిమిదీ ఎనిమిది కాదు. అయినా వీడియోల్లో అందరూ ఎమ్యులేటర్‌తోనే చూపిస్తారు కాబట్టి అదే అసలు దారి అనుకొని, అది తెరుచుకునేదాకా పావుగంట చూస్తూ కూర్చొని, తెరుచుకోక ఏడ్చి, స్టూడియో తీసేస్తారు. చేతిలో నిజమైన ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టుకొని దొంగ ఫోన్ కోసం ఇంత యాతన ఎందుకు?

ఎమ్యులేటర్ తప్పదు అనుకునేవాళ్లు ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ అనే చోట వర్చువలైజేషన్ (మిషన్ లోపల ఇంకో మిషన్ నడిపే సౌకర్యం) ఎనేబుల్డ్ అని ఉందో లేదో చూడాలి. లేకపోతే బయోస్‌లో ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనే పేరుతో ఉన్నదాన్ని ఆన్ చేయాలి. పాత వీడియోలు ఎమ్యులేటర్‌ను వేగంగా నడిపే హ్యాక్స్‌ఎం అనే సాఫ్ట్‌వేర్ వేసుకోమంటాయి, వినకండి. ఇంటెల్ దాన్ని 2023లోనే ఆపేసింది. ఇప్పుడు విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ ఆ పని చేస్తుంది.

ఫోన్‌తో అయితే సెట్టింగుల్లో అబౌట్ ఫోన్, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. కనబడకపోతే ముందు కేబుల్‌ను అనుమానించండి. బస్టాండ్ దగ్గర కొన్న చౌక కేబుళ్లలో చాలావాటిలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ ఛార్జ్ అవుతుంది కాబట్టి కేబుల్ మంచిదే అనుకుంటాం. తర్వాత టెర్మినల్‌లో ఏడీబీ డివైసెస్ కొట్టండి (ఏడీబీ అంటే లాప్‌టాప్ నుంచి ఫోన్‌తో మాట్లాడే పనిముట్టు). ఏమీ రాకపోతే కేబులో డ్రైవరో. అన్‌ఆథరైజ్డ్ అని వస్తే ఫోన్ తెర మీద "ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా" అనే ప్రశ్న మీ జవాబు కోసం ఎదురుచూస్తోంది, తెర లాక్ తీసి చూడండి. ఆఫ్‌లైన్ అని వస్తే ఏడీబీ కిల్-సర్వర్ కొట్టి కేబుల్ పీకి పెట్టండి. ఒక్క ఆదేశం, మూడు జవాబులు, మూడింటికీ వేర్వేరు వైద్యం. వీటిలో దేనికీ రీఇన్‌స్టాల్ అక్కరలేదు.

షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో ఇంకో మెలిక ఉంది. డీబగ్గింగ్ ఒక్కటి ఆన్ చేస్తే చాలదు, ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ అనేది విడిగా ఆన్ చేయాలి. దానికి షావోమీ అకౌంట్‌తో లాగిన్ కావాలి, ఫోన్లో సిమ్ ఉండాలి. ఇంట్లో మూలన పడి ఉన్న సిమ్ లేని పాత ఫోన్‌ను టెస్టింగుకు తీసుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. "యూజర్ రిస్ట్రిక్టెడ్" అని వచ్చే ఎర్రర్ ఇదే.

ఫోన్ దారిలో పోతే లాభం ఇంకోటి కూడా ఉంది. వైవాలో ప్రొజెక్టర్ మీద యాప్ చూపించాలంటే ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోన్ తెరను లాప్‌టాప్‌లోకి తెచ్చుకోవచ్చు. తెర పగిలిన ఫోన్ అయినా, డీబగ్గింగ్ ముందే ఆన్ చేసి ఉంటే, మౌస్‌తో నడుస్తుంది.

సర్వర్‌తో మాట్లాడే యాప్ అయితే ఒక చిక్కు గుర్తుంచుకోండి. లోకల్‌హోస్ట్ అని రాస్తే ఫోన్‌కు అది తానే, మీ లాప్‌టాప్ కాదు. ఎమ్యులేటర్‌లో అయితే 10.0.2.2 అని రాయాలి. కేబుల్ పెట్టిన ఫోన్‌కు ఏడీబీ రివర్స్ అనే ఆదేశం ఇచ్చి రెండువైపులా పోర్టు నంబర్ చెప్తే లోకల్‌హోస్టే పనిచేస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి ఎస్ లేని ఉత్త హెచ్‌టీటీపీని డిఫాల్ట్‌గా ఆపేశారు, అదీ చూసుకోండి.

జావా వెర్షన్ల గొడవ పిల్లలను భయపెట్టినంతగా మరేదీ భయపెట్టదు. "అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65." ఆ 65 ఏంటి? అందులోంచి 44 తీసేయండి, 21 వస్తుంది, అంటే జావా 21. 61 అయితే జావా 17. అది చెప్పేది ఇంతే: మీ ప్రాజెక్టులోని గ్రేడిల్ పాతది, మీరిచ్చిన జావా దానికి కొత్తది. గ్రేడిల్ 7.3 నుంచి జావా 17తో నడుస్తుంది, 8.5 నుంచి జావా 21తో. రెంటిలో ఒకటి మార్చాలి. సెట్టింగుల్లో బిల్డ్ టూల్స్, గ్రేడిల్ అనే చోట గ్రేడిల్ జేడీకే అని ఉంటుంది, అక్కడ పాత జావా ఎంచుకుంటే సరి. ఇప్పుడు ఆలోచించండి, ఈ ఎర్రర్‌కు స్టూడియో తీసేసి సరికొత్తది వేస్తే ఏమవుతుంది? ఇంకా కొత్త జావా వస్తుంది, గొడవ పెరుగుతుంది. మందే జబ్బును పెంచే సందర్భం ఇది.

దీని తల్లి పాత ట్యుటోరియల్. 2019 నాటి వీడియో చూసి జేసెంటర్ అనే పాత లైబ్రరీల గోదాము పేరు రాస్తారు, దాని మూసివేతను 2021లోనే ప్రకటించారు. ఆ లైను తీసి మావెన్ సెంట్రల్ అని రాయాలి. సీనియర్ ఇచ్చిన పాత ప్రాజెక్టును కొత్త స్టూడియోలో తెరవగానే "ప్లగిన్ అప్‌గ్రేడ్ చేయనా" అని మూలన అడుగుతుంది. సబ్మిషన్ వారంలో ఉంటే నొక్కకండి. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (గ్రేడిల్‌కు ఆండ్రాయిడ్ యాప్ కట్టడం నేర్పే ముక్క) 8కి పోతే జావా 17 కావాలి, ప్రాజెక్టులోని ప్రతి మాడ్యూల్‌లో (భాగంలో) నేమ్‌స్పేస్ అనే పేరు రాయాలి, ఒకటి కదిలిస్తే పది కదులుతాయి. ఈ మధ్య ఎర్రర్‌ను ఏఐకి అతికించి అది ఇచ్చిన వెర్షన్ నంబర్లను గుడ్డిగా పెట్టేస్తున్నారు. అడగడంలో తప్పు లేదు. కానీ ఎర్ర అక్షరాల్లో పై రెండు లైన్లే ఇస్తే దానికీ ఏమీ తెలియదు. కిందికి పోయి చివరి "కాజ్డ్ బై" ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఇవ్వండి. చాలాసార్లు ఆ లైను చదివితే ఎవరినీ అడగాల్సిన పనే ఉండదు.

మన తెలుగువాళ్లకు వచ్చే తంటా ఒకటుంది. విండోస్ పెట్టుకునేటప్పుడు ముచ్చటపడి యూజర్ పేరు తెలుగులో రాసుకుంటారు. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో వస్తుంది, దాని కింద ఉండే ప్రాజెక్టుల దారి కూడా. విండోస్ మీద ఆండ్రాయిడ్ ప్లగిన్ ఆ దారిని చూసి ఆస్కీ కాని (అంటే ఇంగ్లిష్ కాని) అక్షరాలున్నాయని ఆగిపోతుంది. ఎస్‌డీకే దారిలో ఖాళీ ఉన్నా తిప్పలు రావొచ్చు. ఇన్నేళ్లయినా ఇది బాగుచేయకపోవడం సిగ్గుచేటే, అయినా పని జరగాలి కదా. సి డ్రైవ్‌లో నేరుగా చిన్న ఇంగ్లిష్ పేరుతో ఫోల్డర్ పెట్టి ప్రాజెక్టులు, ఎస్‌డీకే అందులోకి మార్చండి. డెస్క్‌టాప్ మీద ప్రాజెక్టులు పెట్టేవాళ్లు కూడా ఇదే చేయాలి. చాలా లాప్‌టాప్‌లలో డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌కు కట్టేసి ఉంటుంది. బిల్డ్ ఫోల్డర్‌లోని వేల చిన్న ఫైళ్లను అది క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటే గ్రేడిల్ వాటిని చెరపలేక చతికిలపడుతుంది. పైగా డేటా ప్యాక్ దానికే పోతుంది.

"ఇవన్నీ నేర్చుకునే టైమ్ ఎక్కడిదన్నా, రేపే సబ్మిషన్" అంటారు. టైమ్ లెక్కే వేద్దాం. రీఇన్‌స్టాల్ అంటే ఒక సాయంత్రం, ఒక రోజు డేటా. చివరి కాజ్డ్ బై చదవడం అంటే ఐదు నిమిషాలు. టైమ్ లేనివాడే ముందు చదవాలి. చదవడం నేర్పలేదు కాబట్టే దిల్‌సుఖ్‌నగర్‌కో అమీర్‌పేటకో బస్సెక్కి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొస్తున్నారు. దాన్ని ఇంటికి తెచ్చి తెరిస్తే అదే గ్రేడిల్ ఎర్రర్, పోయిన డబ్బు అదనం.

కాలేజీలు మొబైల్ యాప్ ల్యాబ్‌లో మొదటి వారమంతా యాప్ రాయించకుండా ఇవే చేయించాలని నా పంతం. కావాలనే చెడగొట్టిన ప్రాజెక్టు ఇచ్చి బాగుచేయమనాలి. సగం జిప్, తప్పు జావా, తప్పు తారీఖు. దానికే మార్కులు వేయాలి. 2023లో నల్లగొండలోనూ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ ఐటీ టవర్లు తెరిచారు, సంతోషం. వాటిలో అడుగుపెట్టాల్సిన పిల్లలు సింక్ దగ్గరే ఆగిపోతున్నారు. దీనికి కోట్లు అక్కరలేదు. ల్యాబ్‌లో ఒక మిషన్ మీద అందరికీ పనికొచ్చే లైబ్రరీల నిల్వ, ఎర్రర్ చదవడం వచ్చిన ఒక మనిషి చాలు.

నిజంగా మళ్లీ వేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. డిస్క్ పోయినప్పుడు, స్టూడియో తెర అసలే తెరుచుకోనప్పుడు, క్యాష్‌లు (స్టూడియో దాచుకున్న నిల్వలు) ఇన్‌వ్యాలిడేట్ చేసినా మారనప్పుడు. అప్పుడు కూడా ముందు రెండు ఫైళ్లు పక్కన పెట్టుకోండి. ఒకటి, చుక్క ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోని డీబగ్ కీస్టోర్. ఫార్మాట్ తర్వాత అది కొత్తగా పుడుతుంది. దాంతో ఫోన్లో ఉన్న పాత యాప్ మీద కొత్తది ఎక్కనంటుంది. ఫైర్‌బేస్ అనే గూగుల్ సేవలో మీరిచ్చిన షా-1 (ఆ కీ వేలిముద్ర లాంటిది) కూడా కలవక గూగుల్ సైన్-ఇన్ 10 అనే నంబరుతో ఆగిపోతుంది. రెండోది, ప్లేస్టోర్‌కు సంతకం చేసే కీ, జేకేఎస్ ఫైల్, దాని పాస్‌వర్డ్. ప్లే యాప్ సైనింగ్‌లో (అసలు కీని గూగులే దాచే పద్ధతిలో) ఉన్న యాప్‌కు అప్‌లోడ్ కీ పోతే కొత్తది పెట్టుకుంటామని గూగుల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు, అందులో చేరని పాత యాప్‌కు ఆ దారి కూడా లేదు. ఆ రెండు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయని తెరిచి చూసుకున్నాక, అప్పుడు కొట్టించుకోండి ఫార్మాట్.